రిలీవర్ రాని రాకుమారి

ఆ రోజుల్లో ఫోన్లో వీడియో చూస్తే చాలు, ఏ పనైనా చేతికి వచ్చేస్తుందని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే కేకు చేయబోయి అమ్మ కుక్కర్ రబ్బరు కాల్చేశాను. ఆ నమ్మకంతోనే నుదుటి మీది జుట్టు నేనే కత్తిరించుకుని, అది మళ్లీ పెరిగేదాకా తల మీంచి చున్నీ దించకుండా తిరిగాను. (ఎవరైనా అడిగితే ఎండ అనేదాన్ని. భిలాయిలో ఎండ వంక చెబితే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.) చదువు అప్పుడే ముగించి, మా ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్నపిల్లల బడిలో ‘గేమ్స్ మిస్’గా చేరాను. పేరు ఘనంగా ఉంది గానీ, నేను చేసే పనల్లా పిల్లల్ని వరసలో నిలబెట్టడం, ముక్కులు తుడవడం, ఏ టిఫిన్ డబ్బా ఎవరిదో తేల్చడం. అయినా సరే, పిల్లల్ని ఆడించడంలో ఈ ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను. ఆ సర్టిఫికెట్ ముక్కలు ముక్కలైన సాయంత్రం గురించే ఈ కథంతా.

మాది స్మృతి నగర్. నాన్న స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్ దగ్గర, అంటే బొగ్గును కోక్ చేసే పెద్ద పెద్ద పొయ్యిల దగ్గర, పనిచేసి రిటైరయ్యాక సెక్టారులో కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆ పొయ్యిలు పండగకీ ఆరవు, పెళ్లికీ ఆరవు. అందుకని షిఫ్టు అయిపోయింది కదా అని ఎవరూ తన చోటు వదిలేసి ఇంటికి పోవడానికి వీల్లేదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి, అతనికి సంగతులన్నీ చెప్పి ఛార్జి ఇవ్వాలి, అప్పుడు కదలాలి. ఆ వచ్చే మనిషి పేరే రిలీవర్. అతను రాకపోతే ఇంకో షిఫ్టు కూడా మనదే. నాన్న ఈ పద్ధతిని టిఫిన్ క్యారియర్‌తో పాటు రోజూ ఇంటికి మోసుకొచ్చాడు. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లాలంటే అమ్మ “ఒలే, ఒకలు రిలీవర్ రండే!” అని కేకేసేది. కూలర్లో నీళ్లు పడుతూ పైపు పట్టుకున్నవాళ్లూ, రైల్లో తువ్వాలు పరిచి సీటు ఆపినవాళ్లూ రిలీవర్ వస్తే గానీ కదలకూడదు. కదిలామో, నాన్న తిట్టడు, కొట్టడు. “ఛార్జి ఎవలకిచ్చి ఒచ్చినావమ్మా?” అని మెల్లిగా అడుగుతాడు. ఆ మెల్లిగా అడగడం కన్నా రెండు దెబ్బలు నయం. ఛార్జి ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది: ‘సబ్ నార్మల్’. అంతా సవ్యంగా ఉందని. పాలు గిన్నె అంచు దాకా వచ్చేసినా మేం మాత్రం సబ్ నార్మల్ అని చెప్పే పారిపోయేవాళ్లం.

ఆ ఏడాది వేసవిలో మా బావకి పలాస నుంచి ఇటువైపు బదిలీ అయింది. బావది రైల్వే ఉద్యోగం. క్వార్టరు వచ్చేదాకా అక్కా, బావా, వాళ్ల కూతురు బంగారీ మా ఇంట్లోనే ఉన్నారు. (బంగారి అసలు పేరు కాదు. అసలు పేరు పిలిస్తే అది ఇప్పటికీ పలకదు.) ఆరేళ్లు నిండబోతున్న పిల్ల. పలాసలో ఉన్నంతకాలం దాని నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాలేదట. ఇక్కడికొచ్చాక చిత్రంగా నోరు మూతపడింది. ఇంట్లో మాతో బాగానే వాగేది, తాతతో అయితే మరీను. వచ్చిన వారానికే నాన్న దానికి డ్యూటీ, ఛార్జి, రిలీవర్ అన్నీ నూరిపోశాడు. సాయంత్రం ఆయన బజారు నుంచి రాగానే “ఏటి బంగారీ, ఇంట్లో సంగతులేటి?” అని అడిగితే, అది నడుం మీద చేతులు పెట్టుకుని “సబ్ నార్మల్ తాతా!” అనేది. దానికొచ్చిన హిందీ మొత్తం ఆ రెండు మాటలే. గేటు అవతల వీధిలో ఆడపిల్లలు ఆడుకుంటుంటే కమ్మీలు పట్టుకుని చూస్తూ నిలబడేది. వాళ్లలో ఎవరైనా వచ్చి హిందీలో ఏదో అడిగితే, పులి తరిమినట్టు లోపలికి పరిగెత్తుకొచ్చి నా వెనక దాక్కునేది.

“ఆలు నన్నేటో అడుగుతన్నారు పిన్నీ. నాకేటి తెలుస్తాది?” అనేది. ఇంకో వారంలో బడి తెరుస్తారు. “నాను ఆ బడికి ఎల్లను. పలాస ఎల్లిపోదుం” అని రోజూ పొద్దున్నే పళ్లు తోముకోకముందే ప్రకటన చేసేది.

అక్కకి దిగులు పట్టుకుంది. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ అదే మాట. చివరికి ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. “బడి తెరవకముందే దీని పుట్టినరోజు ఒస్తంది కదే. వీధిలో ఆడపిల్లలందర్నీ పిలుద్దాం. ఒక్కర్తి, ఒక్కర్తి నేస్తం అయిపోతే చాలు నాకు. బడిలో ఆ పిల్ల పక్కన కూకుంటాది. ఏడుపు మానేస్తాది.” అక్క నన్ను ఏదైనా అడగడం అరుదు. ఆజ్ఞాపించడమే ఎక్కువ. అందుకే నేను మరీ పొంగిపోయాను. బంగారి ఫ్రాకు మీద కిరీటం పెట్టుకున్న రాకుమారి బొమ్మ ఉండేది, దాన్ని ఉతకడానికి కూడా విప్పనిచ్చేది కాదు. అది గుర్తొచ్చి, వెంటనే ప్రకటించేశాను. “రాకుమారి టీ పార్టీ! ఆటలన్నీ నాకొదిలెయ్యక్కా. వీడియోలు బోలెడున్నాయి.” ఆ ఆఖరి మాట వినగానే అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, కుక్కర్‌ని అలమారలో పెట్టి తలుపు వేసుకుంది.

అమ్మకి పార్టీ మీద అభ్యంతరం లేదు, టీ మీద ఉంది. “పిల్లలకి టీయేటే? ఓలమ్మా, నల్లబడిపోరూ? రేప్పొద్దున ఆళ్లమ్మలొచ్చి నన్నడిగితే ఏటి సెప్పమంటావ్?” అంది. ఇది టీ తాగించే పార్టీ కాదు, కప్పులు పట్టుకునే పార్టీ, కప్పులో ఏముంటే ఏమిటి అని నేను నచ్చజెప్పబోయాను. అయితే సరే, రంగు కుదిరితే చాలు కదా అని ఆవిడ బెల్లం పానకం ఖాయం చేసింది. చూడ్డానికి అచ్చం టీలాగే ఉంటుంది. కాకపోతే అమ్మ చేతి పానకంలో మిరియాలు శ్రీరామనవమికి ఊరంతటికీ సరిపడేటన్ని పడతాయి. ఆ సంగతి నేను అప్పుడు ఆలోచించలేదు, ఎందుకంటే నేను అప్పటికే కిరీటాలు కత్తిరించే పనిలో మునిగి ఉన్నాను.

ఆటలు మూడు ఎంచాను. మొదటిది, కళ్లకు గంతలు కట్టుకుని గోడ మీది రాకుమారి బొమ్మకి కిరీటం అంటించడం. రెండోది కుర్చీలాటే, దానికి నేను ‘సింహాసన సమరం’ అని పేరు పెట్టాను. మూడోది, నిండు కప్పు సాసర్లో పెట్టుకుని ఒలక్కుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు రాకుమారిలా నడవడం. రాకుమారి బొమ్మ నేనే గీశాను. పెదవి పైన నీడ కోసం పెన్సిల్‌తో కాస్త రుద్దాను, వీడియోలో అలాగే చేశారు. నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, “అల్లుడుగారి పోలిక బాగా దించినావమ్మా” అన్నాడు. నిజమే. బావ మీసాలే అవి. చెరపబోతే ఇంకాస్త చిక్కబడ్డాయి. ఇక సింహాసనం. హాల్లో దివాన్ మీద భోజనాల బల్ల దగ్గరి చేతుల కుర్చీ ఒకటి ఎక్కించి, అమ్మ ఆవపువ్వు రంగు పట్టుచీర కప్పాం. నాన్న వచ్చి కుర్చీ నాలుగు కాళ్లనూ ఊపి చూసి, నవారు తాడుతో దివాన్‌కి బిగించి కట్టాడు. ముందువైపు పిల్లలెక్కడానికి ముక్కాలిపీట కూడా వేశాడు. భూకంపం వచ్చినా ఇల్లు కదలాల్సిందే గానీ సింహాసనం కదలదు.

పార్టీ రోజు రానే వచ్చింది. అక్క వీధి వీధంతా తిరిగి రాకుమారుల్లా రమ్మని పిలిచొచ్చింది. వాళ్లు అలాగే వచ్చారు. గులాబీరంగు ఫ్రాకులు, అట్ట కిరీటాలు, మోచేతుల దాకా గాజులు. ఒక్కర్తి కూడా చెలికత్తెగా రాలేదు. గదినిండా రాకుమారులే, ప్రజలంటూ ఉంటే నాన్న ఒక్కడే. అందరికీ ముందు నడుస్తూ వచ్చింది ఎదురింటి పిల్ల. దానికి మేం సైరన్ అని పేరు పెట్టుకున్నాం. ప్లాంటు సైరన్ ఎప్పుడైనా వినపడకపోవచ్చు గానీ ఈ పిల్ల గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినపడుతుంది. లోపలికి అడుగుపెడుతూనే నన్ను చూసి “నమస్తే ఆంటీ!” అంది. బడిలో పిల్లలందరూ దీదీ, మిస్ అనే పిలిచేవారు. జీవితంలో నన్ను ఆంటీ అన్న మొదటి మనిషి అదే. ఆ దెబ్బ నుంచి తేరుకునేలోపు బంగారి పడగ్గదిలోకి పారిపోబోయింది.

రెక్క పుచ్చుకుని ఆపి, ఎత్తి సింహాసనం మీద కూర్చోబెట్టాను. మళ్లీ దిగి పారిపోకుండా ఏం చెప్పాలా అని ఆలోచిస్తే, మా ఇంటి మాటే నోటికొచ్చింది. “బంగారీ, ఇది నీ డ్యూటీ. రిలీవర్ వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదు. సరేనా?” అన్నాను. అది కిరీటం సర్దుకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, పెద్ద బాధ్యత మీదేసుకున్నట్టు తలూపింది. ఎంత బాగా సంభాళించానో చూశావా అన్నట్టు అక్క వైపు చూశాను. అక్క కూడా నవ్వింది. ఆ సాయంత్రం మళ్లీ చాలాసేపటి దాకా అక్క మొహంలో నవ్వు చూడలేదు.

కిరీటం ఆటలో మొదటి వంతు పుట్టినరోజు పిల్లది కదా. గంతల గుడ్డ పట్టుకుని “దా బంగారీ, దిగు” అన్నాను.

“రిలీవర్ ఒచ్చిందేటి?” అని అడిగింది.

“రిలీవరేమిటే! ఊరికే అన్నాను. దిగు.”

“డ్యూటీకి ఊరికే అంటారేటి పిన్నీ?” అని అది తాత వైపు చూసింది. నాన్న కూలర్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. “ఛార్జిలో ఉంది కదమ్మా అది. మద్దిలో ఎలాగ ఒదిలేస్తాది?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “సరే, నేనే రిలీవర్ని. వచ్చాను. ఇక దిగు” అన్నాను.

బంగారి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “నువ్వు రాకుమారివేటి?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాన్న దగ్గి, “అదే పోస్టు మనిషి రావాలమ్మా. ఎవలు పడితే ఆలు రిలీవ్ సెయ్యలేరు” అని రూలు చెప్పాడు. ఒక్క పావుగంటలో నేను ఆంటీనయ్యాను, రాకుమారిని కాకుండా పోయాను. నా తోటి ఆడపిల్లలకి ఈ రెండు దెబ్బలూ తగలడానికి కనీసం పదేళ్లు పడుతుంది.

ఆట ఆగకూడదని మిగతా పిల్లలతో మొదలుపెట్టాను. సైరన్ గంతలతో నేరుగా వెళ్లి కిరీటాన్ని రాకుమారి మీసాల మీద అంటించింది. (మీసాలు కప్పబడిపోయాయి కాబట్టి బొమ్మ కాస్త బాగుపడింది.) తర్వాత వచ్చిన పిల్ల కిటికీ కర్టెన్‌కి అంటించింది. ఇంకో పిల్ల నాన్న బట్టతలకి. కుర్చీలాటలో పాట ఆగగానే సైరనే మొదట మిగిలిపోయింది. ఔటయ్యావమ్మా అంటే, “మై ఔట్ నహీఁ హూఁ, కుర్సీ ఔట్ హై!” అంది. తను కాదట, కుర్చీయే ఔటయిందట. ఆ వాదం మిగతావాళ్లకి తెగ నచ్చింది. ఆ తర్వాత ఎవర్ని ఔటన్నా వాళ్ల కుర్చీయే ఔటయింది. చివరికి కుర్చీలన్నీ ఔటయిపోయి, పిల్లలందరూ గెలిచి, బహుమతి కోసం నా చున్నీ పట్టుకుని లాగారు. ఇక కప్పుల నడక గురించి చెప్పేదేముంది. నడిచేలోగా సగం తాగేశారు, మిరియాలు నషాళానికి ఎక్కాయి, దగ్గుతో చేతులూగాయి, మిగతా సగం నేల మీద పడింది. బెల్లం నీళ్లకి రాకుమారుల పాదాలు గచ్చుకి అంటుకుపోయి, అడుగు తీస్తే చాలు చప్పుళ్లు. నేను గుడ్డ పుచ్చుకుని మోకాళ్ల మీద తుడుస్తున్నాను. ఇంత గందరగోళంలోనూ సింహాసనం మీది రాకుమారి రెప్ప కూడా ఆడించకుండా కూర్చునే ఉంది. కేకు కోయడానికి కూడా దిగలేదు. అక్కే కేకుని దివాన్ మీదికి ఎక్కించి కోయించింది.

గుడ్డ పిండుకోవడానికి వంటింట్లోకి వెళితే, అక్క సింకు దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. “ఇంకాసేపట్లో అందరూ ఎల్లిపోతారు. అది కుర్చీ దిగలేదు. ఒక్క పిల్లతోటి ఒక్క మాట ఆడలేదు. ఎందుకు సేసినట్టే ఇదంతా?” అంది. గుడ్డ అక్కడే పడేసి హాల్లోకి వచ్చి దివాన్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈసారి డ్యూటీ అనలేదు, ఆట అనలేదు. “ఏమ్మా, ఎందుకు దిగవు?” అని మెల్లిగా అడిగాను.

బంగారి వంగి నా చెవిలో చెప్పింది. “దిగితే ఆలు నన్నేటో అడుగుతారు పిన్నీ.”

పట్టుచీర అంచుని ఆ చిన్న గుప్పిట్లో ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు చూశాను. రిలీవర్ రాలేదన్నది వట్టి మాట. అంతమందిలో ఎవరూ వచ్చి ఏమీ అడగని చోటు ఆ కుర్చీ ఒక్కటే. దాని డ్యూటీ భక్తి చూసి నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు నాకే ఏడుపు వచ్చింది. నేనూ బడిలో మొదటిరోజు తెలుగు తప్ప ఏదీ రాకుండా బల్ల చివర కూర్చున్నదాన్నే కదా. అంత తొందరగా ఎలా మర్చిపోయాను? ఎత్తుకుని దించేద్దామనుకున్నాను గానీ, దించి ఎక్కడ పెట్టాలి? దానికి వీడియో లేదు. “సరేలే, కూర్చో” అని కిరీటం సర్ది లేచాను.

సరిగ్గా అప్పుడే సైరన్ వచ్చింది. ప్రతి ఆటలోనూ కుర్చీతోనో కప్పుతోనో పేచీ పెట్టుకుని, ఎవరూ మాట్లాడక, మూతి ముడుచుకుని దివాన్ దగ్గరికి చేరింది. నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, “తూ నీచే క్యోఁ నహీఁ ఆతీ?” అని నిలదీసింది. కిందికెందుకు రావని. బంగారి మొహం పాలిపోయింది. ఆ ప్రశ్న దానికి అర్థమయిందో లేదో తెలీదు గానీ, ఆ సాయంత్రమంతా అందరూ దాన్ని అడుగుతున్నది అదొక్కటే కాబట్టి, మాకు చెప్పిన జవాబే దానికీ చెప్పింది. “రిలీవర్... నేదు” అంది.

సైరన్ ముడుచుకున్న మూతి విప్పింది. “అరే! తేరా రిలీవర్ నహీఁ ఆయా?” అంది. అయ్యో, నీ రిలీవర్ రాలేదా అని. ఆ గొంతులో జాలి చూడాలి, పక్కింటి పెద్దావిడ పలకరించినట్టుంది. ఆశ్చర్యపోవాల్సింది నేనే గానీ, అందులో ఆశ్చర్యం ఏముంది? దాని నాన్న ఇప్పటికీ ప్లాంటులో షిఫ్టులకి వెళ్లే మనిషి. రిలీవర్ రాని రోజున ఆ ఇంట్లో కూడా చపాతీలు చల్లారిపోయి ఉంటాయి, వాళ్లమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంటుంది. ఈ ఊళ్లో ఏ భాషవాళ్ల ఇంట్లోనైనా ఆ మాట వెనకున్న బాధ తెలుసు. మా బంగారికి హిందీ రాదు, దానికి తెలుగు రాదు. రిలీవర్ రాకపోతే ఎంత కష్టమో మాత్రం ఇద్దరికీ వచ్చు.

“చల్, మై ఆ గయీ. చార్జ్ దే” అని, నేనొచ్చాను కదా ఛార్జి ఇమ్మంటూ, సైరన్ ముక్కాలిపీట ఎక్కేసింది. బంగారి దాన్ని జాగ్రత్తగా పరీక్షించింది. కిరీటం ఉంది. గులాబీ ఫ్రాకు ఉంది. అదే పోస్టు మనిషి, సందేహం లేదు. తాత వైపు చూసింది. నాన్న అప్పటికి కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు, రూలు చెప్పడానికి కాదు, ఊపిరి బిగబట్టి. బంగారి తన బంగారురంగు కిరీటం తీసి రెండు చేతులతో అందించింది. వెన్ను నిటారుగా పెట్టి, వీధి మలుపు దాకా వినపడేలా “సబ్ నార్మల్!” అంది. తర్వాత దివాన్ మీంచి దిగి, రెండు కాళ్లూ నేలకానించి నిలబడింది.

నేను వంటింటి వైపు చూశాను. అక్క గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత జరిగింది నేను ఆడించిన ఆట కాదు. మిగతా రాకుమారులందరూ తామూ రిలీవర్లమంటూ దివాన్ ముందు వరస కట్టారు. (బడిలో ఆ వరస కోసం నేను రోజూ గొంతు చించుకుంటాను.) షిఫ్టు మారాల్సినప్పుడల్లా సైరన్ మూతి గుండ్రంగా చుట్టి కూత పెడుతోంది, గోడ మీది బొమ్మ ఊగేలాగ. కిరీటం ఎలా ఇవ్వాలో, ఏం చెప్పాలో అక్కడ బాగా తెలిసింది బంగారి ఒక్కదానికే. ఎవరైనా ఒంటిచేత్తో ఇస్తే “రెండు సేతుల్తోటి!” అని, తర్వాతి పిల్ల రాకముందే దిగబోతే “ఆగు! రిలీవర్ ఒచ్చిందేటి?” అని గదిమింది. అన్నీ తెలుగులోనే, అందులోనూ అచ్చమైన పలాస తెలుగులో. రాయపూర్ నుంచి సెలవులకొచ్చిన పిల్ల, కుమ్హారి నుంచి వచ్చిన పిల్ల, అందరూ బుద్ధిగా రెండు చేతులతో ఇచ్చారు. ఒకరిద్దరైతే దిగేటప్పుడు సెల్యూట్ కూడా చేశారు. మధ్యలో సైరన్ ఖాళీ కప్పుతో నా దగ్గరికొచ్చి “ఆంటీ, ఔర్ చాయ్?” అని అడిగి, దగ్గుతూనే మూడోసారి కూడా తాగింది. దానికి మా అమ్మ జీవితాంతం రుణపడిపోయింది. తన పానకాన్ని అంతగా మెచ్చినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు మరి.

వెళ్లేటప్పుడు సైరన్ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఏ రిలీవర్! కల్ ఆనా!” అని అరిచింది. రేపు రమ్మని. ఆ వేసవి ఆఖరి రోజులన్నీ వీధిలో మా బంగారి పేరు రిలీవరే. బడి తెరిచిన రోజు వాళ్లిద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఏడుస్తూ తిరిగొచ్చింది మాత్రం అక్క, బడి గేటు నుంచి. నాన్న దివాన్‌కి కట్టిన నవారు తాడు విప్పడం ఆయన తరం కూడా కాలేదు. కొన్నాళ్లపాటు మా ఇంటికొచ్చిన చుట్టాలు హాల్లో ఆ ఎత్తయిన కుర్చీ చూసి ఏమనుకున్నారో మాకు తెలీదు, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు బంగారి నాకన్నా పొడుగు. నాతో తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో ముగిస్తుంది. నేను ఇప్పటికీ బడిలోనే ఉన్నాను, చున్నీ కింద జుట్టు మాత్రం బాగానే పెరిగింది, అక్కడక్కడ తెల్లబడింది కూడా. ఎవరైనా చుట్టాలు “ఆ పార్టీలో ఆటలన్నీ నువ్వే ఆడించావటగా” అంటే, ఏం చెప్పను, అవుననే అంటాను. మొన్న బంగారి పుట్టినరోజుకి అమ్మ కోవా చేయమంది. పాలు దగ్గర పడే వేళ గరిటె ఆపకూడదు కదా. చెమట కారుతోంది, చెయ్యి లాగేస్తోంది. హాల్లో మాటలూ నవ్వులూ వినపడుతున్నాయి. ఎవరైనా రండి అని పిలవాలనిపించింది గానీ, ఎందుకో మొహమాటపడ్డాను. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, వాళ్ల లోకం వాళ్లది. ఈ వంటింటి డ్యూటీ ఇంకెవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను.

వెనకనించి ఎవరో వచ్చి గరిటె మీద చెయ్యి వేశారు. బంగారి అనుకున్నాను. బంగారి గుమ్మంలో ఫోన్ చూసుకుంటూ “మౌసీ, తుమ్ జావ్ నా” అని హిందీలోనే ఈ పిన్నిని వెళ్లమంటోంది. గరిటె పట్టుకున్నది సైరన్. అంత గొంతూ తగ్గించి, మా అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో, మా అమ్మ యాసలోనే, “నువ్వు ఎల్లు పిన్నీ. నాను ఒచ్చినాను కదేటి?” అంది.

ఆ పిల్ల నన్ను ఆంటీ అనడం ఎప్పుడు మానేసిందో, పిన్నీ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు గుర్తు రాలేదు. మూకుడులోకి చూశాను. కోవా అడుగంటడం మొదలుపెట్టింది.

గరిటెని రెండు చేతులతో అందించి, “సబ్ నార్మల్” అని చెప్పి బయటికొచ్చేశాను.